ట్యూషన్‌కొచ్చే పాప చేతి మీద కమిలిన గుర్తులు, ఏం చేయాలి?

పర్లాకిమిడి టీచర్:
సాయంత్రం మా ఇంట్లో పదిమంది పిల్లలకి తెలుగు, లెక్కలు చెప్తాను. మూడో తరగతి పాప ఒకతి వారం నుంచి ఇంత ఎండలోనూ పొడుగు చేతుల గౌనే వేసుకొస్తోంది. నిన్న పుస్తకం అందుకుంటుంటే చెయ్యి పైకి జరిగింది. మోచేతి పైన, లోపలివైపు, నాలుగు వేళ్ల అచ్చు నల్లగా కమిలిపోయి ఉంది. "పడిపోయాను టీచర్" అంది, తలెత్తకుండా. తండ్రిది మా వీధే. రాత్రంతా నిద్ర లేదు.

రాయగడ అంగన్‌వాడీ:
అక్కా, ఆడుకుంటూ పడితే మోకాళ్లకి, మోచేతులకి తగులుతుంది. చేతి లోపల, వీపు, చెవుల దగ్గర కమిలితే అనుమానించాల్సిందే. తండ్రిని నిలదీయకండి, ఆ కోపం రాత్రికి పాప మీదే తీరుతుంది. గుచ్చి గుచ్చి అడగొద్దు. తనే చెప్తే వినండి, "నీ తప్పు లేదమ్మా" అనండి. ఎవరికీ చెప్పనని మాత్రం మాటివ్వకండి. చూసింది, విన్నది తేదీతో రాసుకుని పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి.

బరంపురం వకీలు:
రుజువులు మీరు తేనక్కర్లేదు, అనుమానం చాలు. జిల్లా బాలల సంక్షేమ కమిటీకీ చెప్పొచ్చు. లైంగిక వేధింపు అనిపిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి చెప్పి తీరాలి, దాచడం నేరం. పాప పేరు ఇక్కడ రాయకండి.

పర్లాకిమిడి టీచర్:
ఇప్పుడే 1098కి చేశాను, నాకు వచ్చిన ఒడియాలోనే అంతా చెప్పాను. రేపు వస్తామన్నారు. పాప పెన్సిల్ మర్చిపోయి వెళ్లింది, నా బల్ల మీదే ఉంది.