'లలిత' పుణెకు పోతే 'లలిత్' ఎందుకైతది?

ప్రశ్న: ఆడపిల్లకు లలిత అని పెట్టాలనుకుంటున్నం. తాత, నాయినమ్మ దేవరకొండల, తల్లిదండ్రులు పుణెల. రెండు దిక్కుల ఒక్క తీరుగ పలుకుతరా?

మిర్యాలగూడ నుంచి: చిక్కంత రాసేకాడనే ఉన్నది. తెలుగక్షరాలు ఉన్నదున్నట్టు మరాఠీ, హిందీ రాసే నాగరి లిపిలకు దింపితే, అవి చదివేటోళ్లు చివరి అకారం పలకరు. 'లలిత్' అని చదువుతరు, అది మగపిల్లగాని పేరు. అరుణ, వినీత అన్నా అంతే. నాగరిల 'లలితా' అని దీర్ఘమిచ్చి రాయించుండ్రి. స్వాతి, గౌరి లెక్క ఇకారంతోటి ముగిసే పేర్లకు ఈ బాధ లేదు.

ఇంగ్లిష్ స్పెల్లింగుల ఇంకోటి. 'ట' అని చదువుతరేమోనని మనం 'త'కు టీ పక్కన హెచ్ పెడ్తం. ఉత్తరాదిల ఒట్టి టీ 'త'కు సరిపోతది, హెచ్ చేరిస్తే 'థ'. పిల్ల 'లలిథా' అయితది.

వనపర్తి నుంచి: రేపు విదేశం పోయే ఆలోచనుంటే జే అక్షరం చూసుకోండ్రి. జర్మన్లు దాన్ని 'య' అంటరు, స్పానిష్ వాళ్ల నోట్ల 'హ'కు దగ్గరైతది. అరబ్బీ లిపిల 'ప' లేదు, పవన్‌ను 'బవన్' అని రాస్తరు. హిందీల 'ళ' లేదు, వకుళ 'వకుల్' అయితది. మీరా, లీలా, తారా చాన భాషలల్ల చెక్కుచెదరవు. సమీర్ అయితే సంస్కృతంల గాలి, అరబ్బీల రాత్రి ముచ్చట్లకు తోడు. రెండర్థాలూ మంచివే.

నకిరేకల్ నుంచి: భాష దాటే పేర్లు మన ఉమ్మడి నల్లగొండ జిల్లాకు కొత్త కాదు గద. జాన్‌పహాడ్ దర్గా మీది భక్తితోటి హిందువుల ఇండ్లల్ల సైదులు, సైదమ్మ, జానయ్య అని పెట్టుకుంటరు. సయ్యద్‌ను తమ నోటికి మలుచుకొని, తెలుగు 'లు', 'అమ్మ' చేర్చుకున్నరు. నా లెక్కల ఇంట్ల పొద్దంత పిలిచేటోళ్ల నోరే ముందు. లలిత నాయినమ్మకు నల్లేరు మీద బండి నడక, ఆ పేరు ఇడవకుండ్రి.

ప్రశ్న: మరి పుట్టిన సర్టిఫికెట్ల ఏ స్పెల్లింగు ఇయ్యాలె?

మిర్యాలగూడ నుంచి: తొందరపడకుండ్రి. జననం 21 రోజులల్ల చెప్పాలె గని, పేరు లేకుండ గూడ నమోదైతది. తర్వాత 12 నెలల దాకా రుసుం లేకుండ పేరు చేర్చొచ్చు, అది దాటితే 15 ఏండ్ల దాకా ఆలస్య రుసుం కట్టాలె. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టినోళ్లకు బడికి, పాస్‌పోర్టుకు పుట్టిన తేదీ రుజువు ఈ కాగితమే, అందుకే స్పెల్లింగు ముందే తేల్చుకోవాలె. హెచ్ పెట్టి ఒకటి, పెట్టకుండ ఒకటి రాసి, మీరు పలకకుండ పుణె పక్కింటోళ్లతోటి, దేవరకొండోళ్లతోటి చదివించుండ్రి. రెండు చోట్ల తక్కువ తప్పు పోయేదే ఖాయం చేసుకోండ్రి.