పాత వెర్షన్‌కే తిరిగిపోతున్న బోర్డు: కన్ఫర్మ్ ఎప్పుడు చేయాలి?

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంటి నుంచే ఎంబెడెడ్ పని (పరికరాల్లోని చిప్‌లకు ప్రోగ్రాములు రాయడం) చేస్తుంటాను. మావయ్య పొలంలో బోరు మోటారును ఫోన్‌తో వేసి ఆపేలా జెఫైర్ (చిన్న పరికరాల ఆపరేటింగ్ సిస్టమ్) మీద ఒక చిన్న పరికరం తయారుచేశాను. చిప్ ఎన్‌ఆర్‌ఎఫ్52840, దానికో 4జీ మోడెమ్, బూట్‌లోడర్ (ఆన్ అవగానే ముందుగా నడిచి అసలు ప్రోగ్రామ్‌ను మొదలుపెట్టేది) ఎంసీయూబూట్.

తంటా అంతా అప్‌డేట్ దగ్గరే. కొత్త ఇమేజ్, అంటే కొత్త వెర్షన్ ప్రోగ్రామ్, టెస్ట్ మోడ్‌లో తాత్కాలికంగా ఎక్కుతుంది. ఇది బాగానే ఉంది, ఇదే ఉంచమని కన్ఫర్మ్ చేసేలోగా బోర్డు రీసెట్ అయితే ఎంసీయూబూట్ పాతదాన్ని మళ్లీ తెస్తుంది. అది దాని ధర్మం, తప్పుపట్టను. నేను సర్వర్‌తో కనెక్ట్ అయ్యాకే కన్ఫర్మ్ చేస్తున్నాను. కానీ పొలంలో సిగ్నల్ ఒక్కోసారి గంటకు గానీ దొరకదు, ఈలోగా కరెంటు పోతుంది. అంతే, మళ్లీ పాత వెర్షన్, మళ్లీ డౌన్‌లోడ్. గత వారం మూడుసార్లు ఇదే. డేటా అయిపోయిందని మావయ్య ఫోన్!

బూట్ అవగానే కన్ఫర్మ్ చేసేద్దామంటే భయం. మోడెమ్ కోడ్‌లో తప్పుంటే దూరం నుంచి సరిచేయలేను, బండేసుకుని పొలానికి పోవాలి. కన్ఫర్మ్‌కు ముందు మీరు ఏమేం పరీక్షిస్తారు? మోడెమ్ ఏటీ కమాండ్‌కు (మోడెమ్‌కు పంపే చిన్న ఆదేశం) జవాబిస్తే చాలా, లేక సిమ్ నెట్‌వర్క్‌లో నమోదయ్యేదాకా ఆగాలా? బ్యాటరీ పెట్టమని మాత్రం అనకండి, డబ్బాలో చోటు లేదు.