సీపీఆర్ బొమ్మ మీద బాగానే నొక్కుతున్నారు. ఎగశ్వాసను ఎలా గుర్తుపట్టించాలి?

వారధి పక్కోడు, విజయవాడ:
అంబులెన్సులో 11 ఏళ్లుగా ఈఎంటీని, అంటే అత్యవసర వైద్య సాయం చేసేవాణ్ని. శనివారాలు కృష్ణలంకలో కొత్తగా చేరిన పారామెడికల్ పిల్లలకు సీపీఆర్ (గుండె ఆగినవాళ్లకు ఛాతీ నొక్కి, ఊపిరి ఊదడం) నేర్పడానికి సాయం వెళ్తున్నా. 28 మందికి బొమ్మ ఒక్కటే. మోచేతులు వంచొద్దని అరిచి అరిచి నా గొంతు పోయింది గానీ, నొక్కడం వచ్చేసింది. 5 సెంటీమీటర్ల లోతు దిగుతోంది, 30 నొక్కులు 15-18 సెకన్లలో అవుతున్నాయి.

నా బాధ వేరే. పోయిన వారం అడిగా: "పెద్దాయన పడిపోయాడు, పిలిస్తే పలకడు, ఎప్పుడో ఒకసారి నోరు తెరిచి గాలి పీలుస్తున్నాడు. ఏం చేస్తారు?" సగం మంది "ఊపిరి ఉంది కదా సార్, పక్కకు తిప్పి పడుకోబెడతాం" అన్నారు. ఇళ్లలోనూ ఇదే తంతు. కొనఊపిరి ఉందంటూ చుట్టూ కూర్చుని నోట్లో నీళ్లు పోస్తుంటారు. అది ఎగశ్వాస, గుండె ఆగాకే అలా వస్తుందని చెప్తే నమ్మరు. బొమ్మేమో ఎగశ్వాస తీయదాయె!

బ్రాడీపేట అక్క, గుంటూరు:
మీరే పడుకోండి తమ్ముడూ. క్యాజువాలిటీలో చూసింది చూసినట్టు నేను చాప మీద చేసి చూపిస్తా. దవడ జార్చి, గురకలాంటి చప్పుడుతో ఒక్కసారి పీల్చి, 10 సెకన్లు ఉలుకూ పలుకూ లేకుండా ఉంటా. మొదట నవ్వుతారు, నవ్వనివ్వండి. మూడోసారికి ఒక పిల్ల "మా తాతయ్య ఇలాగే చేశాడు మేడమ్" అంది. ఇక ఎవరూ నవ్వలేదు. పలకకుండా, ఊపిరి మామూలుగా లేకపోతే చాలు, 10 సెకన్లకు మించి చూడకుండా సీపీఆర్ మొదలెట్టేయాలి. ఒక్క జాగ్రత్త: నొక్కడం మాత్రం బొమ్మ మీదే. ఒకడు ఉత్సాహంకొద్దీ నా మీదే చేతులేశాడు!

ఘాటు మనిషి:
కృష్ణ ఒడ్డున ఉన్నారు కాబట్టి మునిగినవాళ్ల సంగతీ చెప్పండి. వాళ్లకు ముందు ఊపిరి ఊదాలి, తర్వాతే నొక్కుళ్లు. పొట్ట నొక్కి నీళ్లు కక్కించే అలవాటు మాన్పించండి.

వారధి పక్కోడు:
అక్కా, నిన్న పడుకున్నా. ఒక పిల్ల కంగారులో నిజంగానే 108కి కొట్టబోయింది, పక్కవాళ్లు ఫోన్ లాక్కున్నారు. నలుగురు తప్ప అందరూ గుర్తుపట్టారు. ఆ నలుగురినీ వచ్చే శనివారం చాప మీద పడుకోబెట్టి, వాళ్లచేతే ఎగశ్వాస తీయిస్తా.