మొదటి ఏడాది విద్యార్థులకు మార్గదర్శనం: సంతకాలతో సరిపోతుందా?

అధ్యాపకురాలు, బరంపురం:
ప్లస్ త్రీ (డిగ్రీ) సైన్సు మొదటి ఏడాదిలో చేరినవారిలో కొందరిని మార్గదర్శకురాలిగా నాకు అప్పగించారు. వారిలో ఇచ్ఛాపురం, పర్లాకిమిడి వైపు నుంచి వచ్చిన తెలుగు పిల్లలూ ఉన్నారు. ఇంట్లో తెలుగు, స్నేహితులతో ఒడియా, పుస్తకంలో ఇంగ్లీషు కావడంతో, సందేహాన్ని ఏ భాషలో అడగాలో తేల్చుకునేలోపే గంట కొట్టేస్తారు. "ఎలా చదువుతున్నావు?" అంటే "బాగానే ఉంది మేడమ్" అని మార్గదర్శన డైరీలో సంతకం చేసి వెళ్తున్నారు, తీరా ఫలితాలు వచ్చాక బ్యాక్ పేపర్లు (తప్పిన సబ్జెక్టులు) బయటపడుతున్నాయి. ఏం చేస్తే ముందే తెలుస్తుంది?

విశ్రాంత గణిత అధ్యాపకుడు, పర్లాకిమిడి:
అమ్మా, ఆ ప్రశ్నకు ఆ జవాబే వస్తుంది. డైరీ పక్కన పెట్టి, నోటుపుస్తకం తెమ్మనండి. నిన్నటి పాఠంలో ఒక వరుస నుంచి తరువాతి వరుసకు ఎలా వచ్చారో తెలుగులోనే చెప్పించండి. అవధి (లిమిట్) నిర్వచనంలోని ఎప్సిలాన్, డెల్టా గుర్తులను అక్షరం పొల్లుపోకుండా దింపుకొని ఉంటారు. డెల్టాను ఎప్సిలాన్‌ను బట్టి ఎందుకు ఎంచుకోవాలో అడిగితే ఆగిపోతారు. ఇది మొదటి ఇంటర్నల్ పరీక్షకు ముందే జరగాలి. మార్కులు తగ్గాక పిల్లలు మనకు ఎదురుపడరు.

1970ల్లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో యూరీ ట్రైస్‌మన్ అనే గణితవేత్త, కలనంలో (క్యాల్కులస్‌లో) తప్పుతున్న నల్లజాతి విద్యార్థులను దగ్గరగా గమనించారు. వారిలో చాలామంది ఎంతో కష్టపడుతూనే ఒంటరిగా చదువుకుంటున్నారు; బాగా రాణిస్తున్న చైనా సంతతి విద్యార్థులు కలిసి కూర్చుని, ఒకరి లెక్కలు ఒకరు దిద్దుకుంటున్నారు. ఆయన వెనకబడినవారి క్లాసు పెట్టలేదు; కఠినమైన లెక్కలిచ్చి గుంపులుగా చేయించారు, ఫలితాలు మెరుగయ్యాయి. మన దగ్గర "వీక్ స్టూడెంట్ల"కని నోటీసు అంటించి, ఎవరూ రావడం లేదని వాపోతాం.

ఎమ్మెస్సీ విద్యార్థి, బరంపురం:
మాస్టారూ, మీరు చెప్పిన గుంపు తెలుగువారితోనే నిండితే, రెండో ఏడాదికీ వాళ్లకు ఒడియా మిత్రులు ఉండరు; ఇద్దరు ముగ్గురైనా కలవాలి. సీనియర్ల సాయం కొత్త ఆలోచనేమీ కాదు. ర్యాగింగ్ నిరోధానికి యూజీసీ 2009లో తెచ్చిన నిబంధనల్లోనే ఆరుగురు కొత్త విద్యార్థులకు ఒక సీనియర్ మార్గదర్శకుడు ఉండాలని ఉంది. స్కాలర్‌షిప్ ఫారం, హాజరు తగ్గితే వచ్చే చిక్కు వంటివి మేడమ్‌ను అడగడానికి జంకుతారు, మమ్మల్ని అడిగేస్తారు.

కౌన్సెలర్, రాయగడ:
ఒక హద్దు మాత్రం ముందే చెప్పుకోండి. నిద్ర పట్టక, తిండి మానేసి, గదిలోంచి కదలని విద్యార్థిని సీనియర్‌కు వదిలేయకూడదు. అలాంటప్పుడు మానసిక ఆరోగ్య సాయం అందించే ఉచిత టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయించి, దగ్గరి వైద్యులకూ చూపించాలి.

అధ్యాపకురాలు, బరంపురం:
కృతజ్ఞతలు. ఇచ్ఛాపురం పిల్లలు సాయంత్రం రైలుకు పరుగెత్తుతారు కాబట్టి గుంపులను మధ్యాహ్న విరామంలోనే కూర్చోబెడతాను. డైరీలో సంతకం గడి పక్కనే "ఏ వరుస దగ్గర ఆగారు" అని ఇంకో గడి గీస్తున్నాను.