సమస్యాపూరణం: నిండుకుండఁ జూడ నీరు లేదు

ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం, పై మూడు పాదాలు మీరు పూరించాలి:

నిండుకుండఁ జూడ నీరు లేదు

నిర్వాహకుడు: వస్తువు ఇంట్లోనో ఆఫీసులోనో సతాయించే యంత్రం కావాలి. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు (గణం అంటే గురులఘువుల గుంపు). 2, 4 పాదాల్లో ఐదు సూర్యగణాలు. నాలుగో గణం తొలి అక్షరానికి యతి (పాదం తొలి అక్షరంతో పొసగడం), కుదరకపోతే ప్రాసయతి (ఆ రెండింటి తరవాతి అక్షరాలు పొసగడం). సమస్యా పాదంలో ఒక్క అక్షరం కూడా కదపకూడదు. కుండ ఏదో, నీరు ఏదో మొదటి మూడు పాదాల్లోనే తేలిపోవాలి. "నిండింది" అని చెప్పే దీపం నిజానికి దేన్ని కొలుస్తోందో పట్టుకున్నవాళ్లకే ఈ సమస్య లొంగుతుంది. పద్యం కింద విషయం కూడా రెండు ముక్కలు రాయండి, చదివినవాళ్లకు పనికొస్తుంది.

కడప నుంచి

నాల్గు గీతలున్న నమ్మకు వైఫైకి;
తీగ తెగిన వేళ దీపమెఱుపు;
రూటరింట నుండు, రోడ్డుపైఁ దెగె దారి;
నిండుకుండఁ జూడ నీరు లేదు.

ఫోన్లో కనిపించే గీతలు ఫోనుకీ రూటరుకీ మధ్య సిగ్నల్ ఎంతుందో చెబుతాయి, అంతే. రూటరు నుంచి బయటికి దారి ఉందో లేదో వాటికి తెలియదు. ఫైబర్ కనెక్షన్ అయితే పెట్టె మీద పాన్ (PON) దీపం పచ్చగా నిలకడగా వెలగాలి. లాస్ (LOS) అని రాసున్న దీపం ఎర్రగా కొట్టుకుంటుంటే వెలుతురు లోపలికి రావడం లేదని అర్థం. అప్పుడు రూటరును ఎన్నిసార్లు ఆపి వేసినా ఫలితం ఉండదు. వెనకవైపు సన్నటి ఫైబర్ తీగ మడత పడిందా, పిన్ను వదులైందా చూసి, అదీ కాకపోతే లైన్‌మ్యాన్‌కు చెప్పాల్సిందే. ఊడిన ఫైబర్ కొసలోకి కన్ను పెట్టి చూడొద్దు. అందులో వచ్చే లేజర్ కంటికి కనపడదు, దెబ్బ మాత్రం కంటికే.

నిర్వాహకుడు: నిర్దోషంగా ఉంది. మొదటి పాదం చివర "వైఫైకి" అని ఆపి రెండో పాదంలో తీగతో కలపడం వల్ల నడక సాగింది. "రూ–రో" యతి చెల్లుతుంది, ఉకారానికి ఓకారం మిత్రమే. కుండ అంటే ఇంట్లో సిగ్నల్, నీరు అంటే బయటి నుంచి రావాల్సిన నెట్. రెండూ వేర్వేరని మూడో పాదం తేల్చేసింది.

ఆదోని నుంచి: దీనికో మాట కలుపుతున్నా. మన పాత ఇళ్ల గోడలు రాతివి, మందం. 5 గిగాహెర్ట్జ్ వైఫై అంత మందాన్ని దాటలేదు, వెనక గదికి 2.4 గిగాహెర్ట్జ్ పెట్టుకోవాలి. రూటరును కడపబండ అల్మారాలో గిన్నెల వెనక తోస్తే సిగ్నల్ అక్కడే చచ్చిపోతుంది. నడవలో, మనిషి ఎత్తులో, బయటికి పెట్టాలి.

కర్నూలు నుంచి

చార్జి నిండెననుచుఁ జక్కగాఁ జూపును;
పలక లెండిపోయి పవరు తగ్గు;
మూత తీసి చూడు ముందుగా, బ్యాటరీ
నిండుకుండఁ జూడ నీరు లేదు.

నిర్వాహకుడు: అమ్మా, ఇది పూరణ! "బ్యాటరీ" అన్న మాటను మూడో పాదం కొసన పెట్టి సమస్యా పాదంలోకి దింపారు. "బ్యాటరీ నిండుకుండ" అని ఒకే మాటగా చదువుకోవచ్చు, "నీరు" అచ్చంగా నీరే అయింది. అలంకారం అక్కర్లేకుండానే విరోధం తీరింది. "చా–జ" యతి వర్గయతి (ఒకే వర్గం అక్షరాలు), సరే. ఇన్వర్టర్ ఫుల్ అని చూపించి పది నిమిషాల్లో కూయడం ఎందుకో వివరంగా రాయండి.

కర్నూలు నుంచి: రాస్తాను. ఇన్వర్టరు చూసేది వోల్టేజీని. పలకలు పాడై సత్తువ తగ్గిన బ్యాటరీకి ఎక్కేది కొంచెమే కాబట్టి వోల్టేజీ తొందరగా పైకి లేస్తుంది, దీపం ఫుల్ అంటుంది. లోపల ఎంత నిల్వ ఉందో ఆ దీపానికి తెలియదు. లెక్క చూడండి. 12 వోల్టులు, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ అంటే కాగితం మీద 1800 వాట్ అవర్లు. నష్టాలు పోను 1300 చేతికొస్తాయనుకుందాం. 75 వాట్ల ఫ్యాన్లు రెండు, 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబులు రెండు కలిపి 190 వాట్లు. కొత్తలో ఆరేడు గంటలు రావాలి. అరగంటకే పడిపోతుంటే ముందు మూతలు తీయాలి.

ఇన్వర్టరు ఆపాలి, గోడ దగ్గర ప్లగ్గు తీయాలి. గదిలో బీడీ, అగ్గిపుల్ల ఏదీ వద్దు, చార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది. చేతికి రబ్బరు తొడుగులు వేసుకోవాలి. ఆరు గదులకు ఆరు మూతలు, ఒక్కోదానికి తేలే పుల్ల ఉంటుంది. పుల్ల ఎరుపు గీత కిందికి దిగితే నీళ్లు తక్కువ. పలకలు బయటపడి ఉంటే అవి మునిగేంత మాత్రం పోసి చార్జి పెట్టి, పూర్తిగా ఎక్కాక పై గీత దాకా నింపాలి. ముందే నింపేస్తే చార్జిలో పొంగి యాసిడ్ బయటికొస్తుంది. పోయాల్సింది డిస్టిల్డ్ వాటర్ ఒక్కటే. బోరు నీళ్లు వద్దు, ఆర్వో నీళ్లూ వద్దు. వాటిలోని సున్నం, ఉప్పులు పలకల మీద కూర్చుంటాయి. యాసిడ్ అసలు పోయకూడదు, ఆవిరయ్యేది నీళ్లే గాని యాసిడ్ కాదు. మన ఎండలకు వేసవిలో నెలకోసారి మూత తీసి చూడాలి.

గుత్తి నుంచి: నీళ్లు నిండా ఉండి కూడా చార్జి నిలవకపోతే?

కర్నూలు నుంచి: ఫుల్ చార్జి అయ్యాక చార్జింగ్, లోడు రెండూ తీసేసి నాలుగైదు గంటలు వదలండి. మల్టీమీటరులో 12.6, 12.7 రావాలి. తరవాత రెండు ఫ్యాన్లు వేసి చూడండి. చూస్తుండగానే 10.5 కిందికి జారితే బ్యాటరీ అయిపోయినట్టే. ఆరు గదుల్లో ఒక్కటే చెడినా అంతే. యాసిడ్ సాంద్రత చూపే హైడ్రోమీటరు పెట్టి గది గదికీ చూస్తే ఐదు 1.240 దగ్గర ఉండి ఒకటి బాగా కింద కనిపిస్తుంది. ఆ ఒక్కటి తక్కినవాటిని కూడా లాగేస్తుంది.

తాడిపత్రి నుంచి

ఉప్పు పొరలు పట్ట నుక్కుచువ్వలు రెంట
మోటరాగిపోయె ముందుగానె;
తొట్టి నిండెననుచుఁ దోచెను బోర్డుకు;
నిండుకుండఁ జూడ నీరు లేదు.

మేడమీది తొట్టికి సెన్సరు పెట్టిన ఇండ్లల్లో ఇదే గోడు. కింద బోర్డు నిండినాదంటాది, పైన చెంబు నీళ్లుండవు.

నిర్వాహకుడు: ఛందస్సు బాగుంది. "మో–ముం", "తొ–దో" రెండూ చెల్లుతాయి. విషయంలో మాత్రం చిక్కుంది. మొదటి పాదం చెప్పిన కారణానికి మూడో పాదం చెప్పిన ఫలితం రాదు. సెన్సరు సంగతి తెలిసినవాళ్లు చెప్పండి.

ప్రొద్దుటూరు నుంచి: అన్నా, చువ్వల చుట్టూ ఎండిన సున్నం పొర పడితే అది కరెంటును అడ్డుకుంటుంది. అప్పుడు తొట్టి నిండినా బోర్డుకు తెలియదు, మోటరు ఆగదు, నీళ్లు పొంగి మిద్దె మీద పోతాయి. మీరు చెప్పింది దానికి తలకిందులైన జబ్బు. తొట్టి మూత దగ్గర చువ్వలు బిగించే ప్లాస్టిక్ దిమ్మె ఉంటుంది. అక్కడ ఉప్పు పేరుకుని, ఆవిరికి తడిసి, కామన్ (ఉమ్మడి) చువ్వకూ పై మట్టం చువ్వకూ మధ్య వంతెన పడితే కరెంటు అటునుంచి ఇటు పారుతుంది. బోర్డు దాన్నే నీళ్లనుకుంటుంది. అనంతపురం బోర్ల నీళ్లలో ఉప్పెక్కువ కాబట్టి రెండు జబ్బులూ వస్తాయి, మందు మాత్రం ఒక్కో దానికి ఒక్కో చోట రుద్దాలి.

తేల్చుకోవడం సులువే. మెయిన్ ఆపి, తొట్టి దగ్గర పై మట్టం చువ్వ తీగ ఒక్కటే విప్పి, కొసకు టేపు చుట్టి, మళ్లీ మెయిన్ వేయండి. బోర్డు మీద ఫుల్ దీపం ఆరిపోతే తప్పు దిమ్మె దగ్గర. ఆరకపోతే తీగలోనో బోర్డులోనో ఉంది. దిమ్మె దగ్గరైతే మెయిన్ ఆపి, మొత్తం విప్పి కిందికి దించి, లీటరు గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి అరగంట నానబెట్టండి. పాత పళ్ల బ్రష్షుతో చువ్వలు, ముఖ్యంగా వాటి మధ్య ఖాళీ, రుద్ది కడిగి పూర్తిగా ఆరనిచ్చి బిగించండి. ఏటేటా ఈ పని చేయలేమనుకుంటే చువ్వలు మానేసి మూసి ఉన్న తేలే స్విచ్చు పెట్టించుకోవడం మేలు. ఉప్పు దాని లోపలికి పోదు.

తాడిపత్రి నుంచి, సవరణ

ఉప్పు పొరలు తడిసి యొక్కటై చువ్వలఁ
గలుప మోటరాగు గడియలోనె;
తొట్టి నిండెననుచుఁ దోచెను బోర్డుకు;
నిండుకుండఁ జూడ నీరు లేదు.

నిర్వాహకుడు: ఇప్పుడు నిలబడింది. "తడిసి", "ఒక్కటై", "కలుప" మూడు మాటల్లో కారణమంతా వచ్చేసింది. మొదటి పాదం చివరి అరసున్న రెండో పాదంలో "గలుప"ను తెచ్చింది, సంధి కూడా శుద్ధం. మొదటిదానికన్నా ఇది మంచి పద్యం కూడా. కారణం సరిగ్గా కుదిరితే మాట దానంతట అదే కుదురుకుంటుందని నా నమ్మకం.

గుంతకల్లు నుంచి

ఇంకు నిండనుండు, నెండెను నాజిల్లు;
తెల్లకాగితమ్ము బయటికొచ్చె;
క్లీనుచేయఁ జేయఁ గిందిప్యాడే నిండె;
నిండుకుండఁ జూడ నీరు లేదు.

నిర్వాహకుడు: రెండో పాదంలో గణాలు సరే, యతి తప్పింది. "తె"కు "బ" పొసగదు. "బయటికొచ్చె" వాడుక రూపం కూడా. "తెల్లకాగితమ్ము తేలి వచ్చె" అంటే రెండూ తీరతాయి. మూడో పాదం నాకు బాగా నచ్చింది. హెడ్ క్లీనింగ్ నొక్కిన ప్రతిసారీ ఇంకు కింది ప్యాడులోకే పోతుందనే సంగతి చాలా ఆఫీసుల్లో తెలియదు. ముందు నాజిల్ చెక్ (ఇంకు రంధ్రాల పరీక్ష పేజీ) వేయాలి, గీతలు తెగితే క్లీనింగ్ రెండు మూడుసార్లకు మించకూడదు. అప్పటికీ రాకపోతే ప్రింటరు ఆపి ఓ పూట వదిలేసి మళ్లీ చూడాలి. వారానికి ఒక రంగుల పేజీ వేస్తుంటే హెడ్ ఎండదు.

నంద్యాల నుంచి

ఖాతనిండ డబ్బు కనిపించుచున్నను
సర్వరాగిపోయె సంతవేళ;
రెండు సార్లు కొట్ట రెట్టింపు పోవును;
నిండుకుండఁ జూడ నీరు లేదు.

నిర్వాహకుడు: "సర్వరాగిపోయె" సంధి హాయిగా ఉంది. మూడో పాదం హెచ్చరిక అందరికీ పనికొస్తుంది. యూపీఐ పెండింగ్‌లో ఉండగా మళ్లీ కొట్టకూడదు. ఆ లావాదేవీకి వచ్చే 12 అంకెల యూటీఆర్ నంబరు రాసుకోవాలి. మన ఖాతాలో కట్టయి అవతలి మనిషికి చేరకపోతే మర్నాటికి దానంతట అదే వెనక్కి రావాలి, అంగడికి కట్టినదైతే 5 రోజులు. గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున బ్యాంకు ఇవ్వాలని 2019లో రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. ఫిర్యాదులో ఆ మాట రాయండి.

అనంతపురం నుంచి

పనికిమాలినట్టి ప్రకటనల్ మెయిలెల్ల
మూలమూల నిండె మూటగట్టి;
వలయు కాగితమ్ము వచ్చుట కెడ లేదు;
నిండుకుండఁ జూడ నీరు లేదు.

నిర్వాహకుడు: యతులన్నీ శుద్ధం, "ప్రకటనల్" నగం (మూడు లఘువులు, ఒక గురువు). వరసగా రెండు పాదాలు "లేదు"తో ముగియడం ఒక్కటే చెవికి తగులుతోంది. మూడోదాన్ని ఇంకోలా తిప్పి చూడండి. "నీరు" ఇక్కడ రావలసిన కాగితమని తెలుస్తూనే ఉంది.

అనంతపురం నుంచి: తిప్పి పెడతాను గురువుగారూ. జీమెయిల్‌లో ఉచితంగా ఇచ్చే 15 జీబీ మెయిల్‌కు ఒక్కదానికే కాదు. డ్రైవ్, ఫొటోలు కూడా అందులోంచే తింటాయి. నిండితే కొత్త మెయిల్ రాదు, పంపినవాళ్లకు తిరిగిపోతుంది. చిన్న మెయిళ్లు ఏరుతూ కూర్చుంటే చోటు రాదు. వెతికే గడిలో లార్జర్, కోలన్, 10ఎం అని ఇంగ్లీషులో కొడితే 10 ఎంబీ దాటినవి మాత్రమే వస్తాయి, ముందు వాటిని తీసేయాలి. తీసేసినవి బిన్‌లో 30 రోజులు ఉంటాయి. బిన్ ఖాళీ చేసేదాకా వాటి చోటు వెనక్కి రాదు.