‘తొలి సంపుటికే పురస్కారం వరించిన...’ ఇందులో తప్పెక్కడ?

ప్రశ్న:
మా మిత్రుడికి మొదటి కవితల పుస్తకానికే అవార్డు వచ్చింది. అభినందన సభ ఆహ్వానపత్రంలో ‘తొలి కవితా సంపుటికే పురస్కారం వరించిన సందర్భంగా’ అని రాశాం. ప్రూఫ్ చూసిన పెద్దాయన ‘వరించిన’ కింద ఎర్రగీత కొట్టి పంపారు. కారణం చెప్పలేదు, అడిగే ధైర్యం మాకూ లేదు. పత్రికల్లో రోజూ కనిపించే మాటే కదా, తప్పేమిటండీ?

జవాబు:
మాటలో తప్పు లేదండీ, విభక్తిలో ఉంది. వరించడం సకర్మక క్రియ. ఎవరిని వరించింది అని అడుగుతాం గాని ఎవరికి వరించింది అని అడగం. దమయంతి నలుణ్ణి వరించింది, నలుడికి వరించలేదు. కాబట్టి ‘పురస్కారం కవిని వరించింది’ అంటే వ్యాకరణానికి ఏ ఇబ్బందీ లేదు. ‘సంపుటికి వరించింది’ అంటేనే కుదరదు.

ఈ పొరపాటు మీ ఒక్కరిదే కాదు. ‘ఆయనకు పదవి వరించింది’ అని కూడా రాస్తుంటారు. ముందు మనసులోకి వచ్చే క్రియ ‘వచ్చింది’. పుస్తకానికి అవార్డు వచ్చింది. తీరా అచ్చు వేసేటప్పుడు ‘వచ్చింది’ మరీ చప్పగా ఉందనిపించి, అది పీకేసి ‘వరించింది’ పెడతాం. దానికి ముందున్న ‘కి’ మాత్రం అలాగే ఉండిపోతుంది. పెద్దాయన గీత కొట్టింది క్రియ కింద అయినా అసలు అతుకు ఆ ‘కి’ దగ్గర ఊడింది.

ఇక అవార్డుకి ఈ వరించడం ఎక్కడిదంటారా? పత్రికలవాళ్లు పుట్టించింది కాదు. పాత కావ్యాల్లో గెలిచిన రాజుని జయలక్ష్మి వరిస్తుంది, సింహాసనం ఎక్కినవాణ్ణి రాజ్యలక్ష్మి వరిస్తుంది. లక్ష్మి ఆడది గనక వరించడం అక్కడ అందంగా అతికింది. తర్వాత లక్ష్మి జారిపోయి విజయం వరించింది, అదృష్టం వరించింది, చివరికి అవార్డు వరించింది. వంశం మంచిదే. నాకు పేచీ ఇంకోచోట ఉంది. పుస్తకం ప్రతులు ఇన్నని కట్టకట్టి, వయసు ధ్రువపత్రం జతచేసి, గడువులోగా మనమే పంపుకున్న పోటీలో కూడా పురస్కారం తనంతట తాను వచ్చి మెళ్లో దండ వేసినట్టు రాస్తే నవ్వొస్తుంది.

వ్యాఖ్య:
స్వయంవరానికి రాజులు కూడా ఎవరికి వారు రథాలు కట్టించుకుని వెళ్లారు కదండీ. నలుడూ వెళ్లాడు. ఎంట్రీ పంపినంత మాత్రాన వరించకూడదా ఏం?

జవాబు:
వెళ్లారు లెండి. ఆ స్వయంవరానికే నలుగురు దేవతలు అచ్చం నలుడిలా వేషం వేసుకుని వచ్చి కూర్చున్నారు. ఈ పోలిక కవుల దాకా లాగితే గొడవలవుతాయి, వదిలేద్దాం.

కానీ పెళ్లి ప్రస్తావన ఎలాగూ వచ్చింది గనక ఒక విషయం. మన పాత లెక్కలో పెళ్లికూతురు కావ్యం. కవి ఆ పిల్ల తండ్రి. అంకితం పుచ్చుకున్న రాజు కృతిభర్త, అంటే అల్లుడు. ‘బాలరసాలసాల నవపల్లవ కోమల కావ్యకన్యకన్ గూళల కిచ్చి’ (కూళలంటే నీచులు) ఆ కూడు తినడం కంటే పొలం దున్నుకోవడం నయమని పోతన పేరు మీద తిరిగే పద్యం కోపమంతా ఆ తండ్రి కోపమే. ఇప్పుడు ‘పురస్కారం కవిని వరించింది’ అనేసరికి వరస మొత్తం తారుమారైంది. అవార్డు పెళ్లికూతురు, కవి పెళ్లికొడుకు. మరి పుస్తకం? దానికి పీటే లేదు. మీ వాక్యంలో చెప్పాల్సిన సంగతేమో పుస్తకం గురించి. అందుకే ఆ ‘సంపుటికి’ అక్కడ ఇమడక పక్కకి తోసుకొచ్చింది.

పుస్తకాన్ని లోపలికి రానిచ్చే క్రియలు మనకు ఉన్నాయి: వచ్చింది, దక్కింది, లభించింది. కవి దేవరకొండ బాలగంగాధర తిలక్‌నే తీసుకోండి. ఆయన 1966లో పోయారు. ఆయన కవితా సంపుటి ‘అమృతం కురిసిన రాత్రి’ 1968లో వచ్చింది. సాహిత్య అకాడమీ అవార్డు 1971లో. ఇక్కడ ‘తిలక్ అవార్డు అందుకున్నారు’ అనలేం, అందుకోవడానికి మనిషి లేడు. ‘తిలక్‌ని వరించింది’ అంటే మరీ ఎబ్బెట్టు. ‘అమృతం కురిసిన రాత్రికి అవార్డు వచ్చింది’ అంటే ఏ పేచీ లేదు. మీరు చప్పగా ఉందనుకున్న ‘వచ్చింది’ ఎంత పనిమంతురాలో చూడండి. జ్వరం వస్తుంది, నిద్ర వస్తుంది, ఉద్యోగం వస్తుంది, కుదిరిన రోజున కవితా వస్తుంది. అవార్డు రావడానికి నామోషీ ఎందుకు?

వ్యాఖ్య:
మా వాట్సాప్ గ్రూపులో ‘మొదటి బుక్‌తోనే అవార్డు కొట్టేశాడు’ అని పెట్టారు. అది ఓకేనా?

జవాబు:
మాట్లాడేటప్పుడు బ్రహ్మాండంగా ఉంటుంది. సెంచరీ కొట్టాడు, ఫస్ట్ ర్యాంకు కొట్టాడు, ఆ వరసే. కాకపోతే పర్సు కొట్టేయడం కూడా కొట్టేయడమే. కవుల గ్రూపుల్లో ఆ రెండో అర్థం చప్పున తడుతుంది, అంచేత ‘కొట్టాడు’ దగ్గర ఆగితే క్షేమం.

ప్రశ్న (మొదట అడిగినవారే):
సరే, క్రియ మారుస్తాం. ‘సంపుటికే’లో ‘ఏ’ ఉంచాలా, తీసేయాలా? తీస్తే ఏదో పోయినట్టుంది.

జవాబు:
పోతుందండీ. మెచ్చుకోలంతా ఉన్నది ఆ ఒక్క అచ్చులోనే. ‘తొలి పుస్తకానికి అవార్డు వచ్చింది’ అంటే వార్త. ‘తొలి పుస్తకానికే వచ్చింది’ అంటే, చూశారా అప్పుడే ఎంత పని చేశాడో అని.

అయితే ఆ ‘ఏ’కి ఇంకో పని కూడా ఉంది: ‘మాత్రమే’ అనే అర్థం. అయిదారు పుస్తకాలు వేసిన కవి గురించి ‘ఆయనకు తొలి పుస్తకానికే అవార్డు వచ్చింది’ అంటే, తర్వాతవాటికి ఏమీ రాలేదని దెప్పినట్టు వినిపిస్తుంది. వాక్యం అదే, అక్షరం మారలేదు, పుస్తకాల సంఖ్య మారింది. మీ మిత్రుడికి ఉన్నది ఒక్కటే పుస్తకం గనక ప్రస్తుతానికి భయం లేదు. ‘మొదటి సంపుటితోనే’ అంటే మాత్రం ఈ చిక్కు చాలావరకు తప్పుతుంది. ‘తోనే’లో ‘అప్పుడే’ అన్న ధ్వనిదే పైచేయి. 2017లో మెర్సీ మార్గరెట్ గారి ‘మాటల మడుగు’కి అకాడమీ యువ పురస్కారం వచ్చినప్పటి సంగతిని నేనైతే ‘మొదటి సంపుటితోనే యువ పురస్కారం’ అనే చెబుతాను. పైగా ముప్ఫై అయిదేళ్ల లోపువాళ్లకిచ్చే ఆ పురస్కారం విషయంలో ‘అప్పుడే’ అన్న మాటకి ఇంకాస్త అర్థం ఉంది.

వ్యాఖ్య:
‘ప్రథమ సంపుటి’ అంటే హుందాగా ఉండదూ?

జవాబు:
హుందాగానే ఉంటుంది గాని మిగతా సంపుటాలు ఎప్పుడు వస్తాయని అడుగుతారు. గ్రంథమాలల్లో ‘ప్రథమ సంపుటం’ అంటే ఒకటో భాగం. దాని పక్కనే ‘ప్రథమ బహుమతి’ కూడా పడిందంటే చదివేవాడికి ఏది మొదటిదో తెలియదు. అన్నట్టు ఎవరైనా ‘తొలి సంకలనం’ అని దిద్దబోతే ఒప్పుకోకండి. ఒక్కరి కవితలైతే సంపుటి, పదిమందివి ఏరి కూర్చితే సంకలనం. ఈ తేడా పాటించేవాళ్లు తగ్గిపోయారు గాని సాహిత్య సభ ఆహ్వానంలోనైనా పాటిద్దాం.

ఇలా వేయించండి: ‘మొదటి కవితా సంపుటితోనే పురస్కారం పొందిన సందర్భంగా’. కింద కవి పేరు, పుస్తకం పేరు ఒకే సైజు అక్షరాల్లో పెట్టమని ప్రెస్సువాళ్లకి చెప్పండి. వాళ్లని వదిలేస్తే ముఖ్య అతిథి పేరు లావుగా కొడతారు.