ప్రయోగం సరే, ఉపసంహారం ఎవరికి తెలుసు?

సబ్ ఎడిటర్: అందరికీ నమస్కారం. అంతర్జాతీయ పేజీ చూస్తుంటాను. ఒక దేశం ఇంకో దేశంలోకి సైన్యాన్ని దింపిందన్న వార్త వచ్చినప్పుడల్లా 'ఎగ్జిట్ ప్లాన్' అన్న మాట దగ్గర ఆగిపోతున్నాను. 'నిష్క్రమణ ప్రణాళిక' అని రాస్తే నాటకంలో పాత్ర తెర వెనక్కి వెళ్తున్నట్టుంది. 'పద్మవ్యూహంలో అగ్రరాజ్యం' అని శీర్షిక పెడితే మా డెస్కు పెద్దాయన "ఆ పద్మవ్యూహాన్ని ఇకనైనా వదిలిపెట్టవయ్యా" అన్నారు. జనం అడిగేది మాత్రం సూటిగానే ఉంటుంది: పోతున్నారు సరే, ఎలా తిరిగొస్తారు? దీనికి సరిపడే నుడికారం మనకుందా?

చరిత్ర విద్యార్థి: ఊబి ఉండగా ఇంకోటి ఎందుకండీ? వియత్నాంకి అంతకన్నా సరైన మాట లేదు. 1965 మార్చిలో మెరైన్లు దనాంగ్‌లో దిగినప్పుడు చెప్పిన పని ఒక వైమానిక స్థావరానికి కాపలా. 1969 నాటికి అక్కడ 5,40,000 మందికి పైగా అమెరికా సైనికులున్నారు. ఎవరూ ఒక్క ఉదుటున దూకలేదు. ఒక్కో అడుగూ ముందు వేసిన అడుగును కాపాడుకోవడానికే వేశారు.

మాస్టారు: ఊబి మంచి మాటే, కాదనను. అయితే అందులో ఓ జాలి ఉంది. పైన గడ్డి కనిపిస్తుంది, కింద బురద. పాపం తెలియక కాలు పెట్టాడు అనిపిస్తుంది. దిగిన కుర్రాడి విషయంలో ఆ జాలి న్యాయం. పంపినవాళ్ళకి ఎందుకు? 1971లో పెంటగాన్ పేపర్లు, అంటే వియత్నాం మీద అమెరికా రక్షణ శాఖ రహస్య పత్రాలు, బయటపడ్డాక తెలిసిందేమిటి? లోతు గురించి లోపల గుబులు పడుతూనే బయట అంతా సవ్యంగా ఉందని చెప్పుకొచ్చారు. దాన్ని ఊబి అంటే బురద మీదికి నెట్టేసినట్టే.

పద్మవ్యూహం సంగతి. అరిగిపోయిందన్న మీ పెద్దాయనతో సగం ఏకీభవిస్తాను. మనం దాన్ని 'ఎటూ కాకుండా చిక్కుకుపోవడం' అనే అర్థానికి కుదించేశాం. ద్రోణపర్వంలో ఉన్నది అంతకంటే ఘాటైనది. లోపలికి వెళ్ళడం మా నాన్న నేర్పాడు, ఆపద వస్తే బయటపడటం నాకు రాదు అని అభిమన్యుడు ముందే చెప్పాడు. దాచలేదు. (సుభద్ర ఊకొడుతూ నిద్రపోయిందన్న కథ జనం నోట పెరిగింది, అది వేరే చర్చ.) అప్పుడు ధర్మరాజు ఏమన్నాడు? నువ్వు దారి చెయ్యి, నీ వెనకే మేమంతా వచ్చేస్తాం అన్నాడు. అంటే ప్రణాళిక ఉంది! అదంతా ఒకే ఒక్క ఊహ మీద నిలబడింది. సైంధవుడు వాకిట్లో నిలిచి, అర్జునుడు లేని ఆ ఒక్కరోజు మిగతా పాండవుల్ని ఆపగల వరంతో ఆ ఊహను విరిచేశాడు.

2003 ఇరాక్‌కి ఇది అతికినట్టు సరిపోతుంది. సద్దాం పోతే చాలు, కార్యాలయాలు, పోలీసులు, సైన్యం ఎక్కడివక్కడ ఉంటాయి, కొన్ని నెలల్లో బలగాల్ని తగ్గించుకోవచ్చు అని అమెరికా పాలకులు అనుకున్నారు. అదే ఏడాది మే నెలలో అక్కడ అమెరికా పెట్టిన పాలనాధికారి బ్రెమర్ ఇరాకీ సైన్యాన్నే రద్దు చేశారు. వెనక రావలసినవాళ్ళని ఆపడానికి సైంధవుడు కూడా అక్కర్లేకపోయింది.

అనువాదకురాలు: మాస్టారూ, అయితే పద్మవ్యూహమే ఉంచమంటారా? ఒక చిక్కు. అభిమన్యుడు వెళ్ళింది తన కుటుంబం యుద్ధానికి, ఎదురుగా అప్పటికే పన్నిన వ్యూహంలోకి. పరాయి దేశంలోకి వెళ్ళిన సైన్యం సంగతి తిరగబడి ఉంటుంది. వెళ్ళాకే వ్యూహం తయారవుతుంది. బాగ్దాద్ పడిపోయిన రోజున లేని శత్రువులు ఏడాది తిరిగేసరికి ఉన్నారు. పైగా అభిమన్యుడి పేరు వస్తే పాఠకుడి మనసు వీరుడి వైపే పోతుంది, ఆ దేశంలో ఉన్నవాళ్ళ వైపు పోదు.

మాస్టారు: అమ్మా, అసలు నేను చెప్పదలుచుకున్న చోటికే తెచ్చారు. నా ఓటు పద్మవ్యూహానికి కాదు. అదే భారతంలో ఇంకో జంట మాట ఉంది: ప్రయోగం, ఉపసంహారం. 'బలగాల ఉపసంహరణ' అని పత్రికలు రోజూ రాస్తూనే ఉన్నాయి. ఆ మాటకు అస్త్రవిద్యలో ఉన్న బరువును మాత్రం మర్చిపోయాం. అస్త్రం నేర్చుకోవడమంటే వదలడమూ నేర్చుకోవాలి, వెనక్కి తీసుకోవడమూ నేర్చుకోవాలి. ఒకటే వస్తే విద్య సగమే.

సౌప్తికపర్వం చివర చూడండి. నిద్రపోతున్న ఉపపాండవుల్ని చంపి పారిపోయిన అశ్వత్థామ, పాండవులు తరుముకొచ్చేసరికి ఒక గడ్డిపోచను అభిమంత్రించి బ్రహ్మశిరోనామకాస్త్రం వదులుతాడు. అర్జునుడూ బదులు వేస్తాడు. వ్యాసుడు, నారదుడు మధ్యలో నిలబడి రెండూ వెనక్కి తీసుకోమంటారు. అర్జునుడు తీసుకుంటాడు. అశ్వత్థామకు చేతకాదు. ఇక్కడ అందరూ దాటేసే ముక్క ఒకటుంది. వెనక్కి తీసుకోలేని అస్త్రం ఊరికే ఆరిపోదు, ఎక్కడో ఒకచోట పడాలి. అశ్వత్థామ దాన్ని పాండవ స్త్రీల గర్భాల మీదికి తిప్పుతాడు. ఉత్తర కడుపులో ఉన్నది ఎవరు? అదే అభిమన్యుడి బిడ్డ. యుద్ధం ఎరగని, ఇంకా పుట్టని పిల్లవాడు. మీరన్న 'ఆ దేశంలో ఉన్నవాళ్ళు' ఈ కథలో ఉన్నారు.

అనువాదకురాలు: ఇది బాగుంది. కానీ ఎదుటి వాదన కూడా వినాలి. ఎప్పుడు వెళ్ళిపోతామో ముందే చెప్తే ప్రత్యర్థి అప్పటిదాకా ఓపిక పట్టి కూర్చుంటాడని సైనికాధికారులు అంటారు. 2009 డిసెంబరులో ఒబామా అఫ్ఘానిస్తాన్‌కి మరో 30,000 మందిని పంపుతూనే 2011 జులై నుంచి వెనక్కి రప్పించడం మొదలుపెడతామన్నారు. రెండు మాటలూ ఒకే ప్రసంగంలో! తాలిబన్లు వినలేదంటారా? సైన్యం పూర్తిగా కదిలింది చివరికి 2021 ఆగస్టులో, కాబూల్ ఆగస్టు 15న పడిపోయాక. తేదీ చెప్పడం వల్ల ఒరిగిందేముంది?

మాస్టారు: తేదీ ఉపసంహారం కాదండీ. ఫలానా ఘడియకు వెనక్కి తీసుకుంటానని అర్జునుడు ముందుగా ఎవరికీ చెప్పలేదు. ఏ పని అయితే చాలించాలో, ఆ తర్వాత ఎవరి చేతిలో పెట్టాలో తెలిసి ఉండటం అసలు విద్య. దీనికి వాషింగ్టన్ దాకా పోనక్కర్లేదు, మన సైన్యం చరిత్రలోనే రెండు ముక్కలూ ఉన్నాయి.

1971 డిసెంబరు 3న పాకిస్తాన్‌తో మొదలైన యుద్ధం 16న ఢాకాలో లొంగుబాటుతో ముగిసింది. మరుసటి మార్చి 12న ఢాకాలో మన సైన్యం వీడ్కోలు కవాతు చేసి వచ్చేసింది. ఎలా కుదిరింది? అప్పగించడానికి మనుషులున్నారు. 1970 ఎన్నికల్లో తూర్పు పాకిస్తాన్‌లో దాదాపు అన్ని సీట్లూ గెలిచిన అవామీ లీగ్ ఉంది, జైలు నుంచి తిరిగొచ్చిన దాని నాయకుడు ముజిబుర్ రహ్మాన్ ఉన్నారు.

ఇప్పుడు 1987. జులై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే ఒప్పందం మీద సంతకాలు చేశారు. తమిళ మిలిటెంట్లు 72 గంటల్లో ఆయుధాలు అప్పగించాలి, మన శాంతి పరిరక్షక దళం దగ్గరుండి చూడాలి. ఆ మిలిటెంట్లలో ముఖ్యమైన సంస్థ ఎల్‌టీటీఈ ఆ ఒప్పందంలో సంతకందారే కాదు. అక్టోబరుకల్లా జాఫ్నాలో ఆ ఎల్‌టీటీఈతోనే యుద్ధం. ఎవర్ని కాపాడటానికి వెళ్ళారో వాళ్ళ వీధుల్లోనే కాల్పులు. ఏది జరిగితే పని అయినట్టు? ఎవరికి అప్పగించి రావాలి? చెప్పగలవాడు ఢిల్లీలో లేడు. 1989లో అధ్యక్షుడు ప్రేమదాస వెళ్ళిపొమ్మన్నారు, ఢిల్లీలో ప్రభుత్వం మారింది, 1990 మార్చి 24న చివరి దళం ఓడ ఎక్కింది. 1,100 మందికి పైగా మన సైనికులు చనిపోయారు. తిరిగొచ్చినవాళ్ళకు మద్రాసులో స్వాగతం పలకడానికి ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్ళలేదు. ఆ సైనికులు చేసిన తప్పేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మరుసటి ఏడాది మే 21న శ్రీపెరంబుదూరులో ఎల్‌టీటీఈ చేతిలో రాజీవ్ హత్య జరిగింది, అందరికీ తెలుసు. వెనక్కి తీసుకోలేని అస్త్రం ఎక్కడో ఒకచోట పడాలన్నాను కదా.

చరిత్ర విద్యార్థి: మరి లిబియా? అక్కడ చిక్కుకుపోయిన సైన్యమే లేదు. పైనుంచి బాంబులు వేశారు, పని అయింది, వెళ్ళిపోయారు. ప్రయోగమూ ఉంది, ఉపసంహారమూ ఉంది. మీ కొలత అక్కడ పనిచేయదు.

మాస్టారు: మంచి మెలిక పెట్టారు. 2011 మార్చి 17న భద్రతా మండలి తీర్మానం అనుమతించింది పౌరుల రక్షణ. (ఓటింగుకు దూరంగా ఉన్న 5 దేశాల్లో మనమూ ఉన్నాం, ఆ రోజు పిరికితనం అన్నవాళ్ళూ ఉన్నారు.) అక్టోబరు 20న లిబియా పాలకుడు గడాఫీని చంపారు. అక్టోబరు 31తో నాటో తన పని ముగించింది. విమానాలు వెళ్ళిపోయాయి, ఆయుధాలున్న ముఠాలు మిగిలాయి. 2014 నాటికి మళ్ళీ అంతర్యుద్ధం, ఒక దేశానికి రెండు ప్రభుత్వాలు. గడాఫీ తర్వాత ఏమిటన్న దానికి సిద్ధపడకపోవడమే తన పాలనలో అతి పెద్ద తప్పు కావచ్చునని 2016లో ఒబామాయే ఒప్పుకున్నారు. కాబట్టి లిబియాలో జరిగింది ఉపసంహారం కాదు, విల్లు కింద పారేసి ఇంటికి పోవడం. అస్త్రం గాల్లోనే ఉంది.

సబ్ ఎడిటర్: ఇంకో సందేహం కూడా తీర్చండి. ఇలాంటప్పుడు ప్రజాభిప్రాయం గురించి 'యుద్ధ విముఖత' అని రాస్తున్నాం, కొందరు 'యుద్ధ అలసట' అంటున్నారు. సరేనా?

అనువాదకురాలు: అలసట అంటే ఒంట్లో ఓపిక అయిపోవడం. రేపు కాస్త విశ్రాంతి తీసుకుంటే మళ్ళీ సరేనంటారన్న ధ్వని అందులో ఉంది. 2003 ఫిబ్రవరి 15న లండన్, రోమ్ వీధులు యుద్ధం వద్దన్న జనంతో నిండిపోయాయి. అప్పటికి ఇరాక్ మీద దాడి మొదలే కాలేదు. మొదలుకాని యుద్ధానికి అలసిపోతారా? 2013 ఆగస్టు 29న సిరియా మీద సైనిక చర్యను బ్రిటన్ పార్లమెంటు 285–272తో తోసిపుచ్చింది. ఎంపీలకు వాళ్ళ నియోజకవర్గాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఉన్నది అలసట కాదు, ఇరాక్ జ్ఞాపకం. నన్నడిగితే 'సంశయం' అంటాను. 'అనుమానం' అంటే ఎవరో దొంగ అన్నట్టుంటుంది.

మాస్టారు: 'సంశయం' బాగుంది, కాస్త పుస్తకాల మాటే అయినా. ఒకటి కలుపుతాను. ఈ సంశయం అందరికీ మొదటిరోజే కలగదు. వియత్నాంకి సైన్యాన్ని పంపడం పొరపాటా అని అమెరికా సర్వే సంస్థ గాలప్ 1965 ఆగస్టులో అడిగితే అవునన్నవాళ్ళు 24 శాతం. మూడేళ్ళ తర్వాత సగానికి మించారు. మొదట జెండా కనిపిస్తుంది, శవపేటికలు తర్వాత కనిపిస్తాయి. ఆ మొదటి 24 శాతం మందిని అప్పట్లో దేశభక్తి లేనివాళ్ళన్నారు.

సబ్ ఎడిటర్: 'ఉపసంహారం తెలియని ప్రయోగం' సంపాదకీయానికి పనికొస్తుంది. వార్తకు మరీ బరువు, పైగా పేజీలో రెండు కాలమ్‌లలో పట్టదు. బడి వ్యాసాల్లో ముగింపును కూడా ఉపసంహారమే అంటారు కాబట్టి ఎవరైనా అటు తిప్పుకుంటారేమోనన్న బెంగ ఒకటి.

మాస్టారు: శీర్షికకు మామూలు మాటే పెట్టండి. 'దళాలు దింపారు సరే, తీసేదెలా?' అనండి. ఉపసంహారాన్ని లోపల రెండో పేరాలో వాడండి, అశ్వత్థామ పేరు ఎత్తనక్కర్లేదు.

సబ్ ఎడిటర్: 'తీసేదెలా' ఖాయం. పద్మవ్యూహం మీద మీరు చెప్పింది మా పెద్దాయనకి పంపించాను. "సైంధవుడి సంగతి నాకు తట్టలేదు, అయినా శీర్షికలో వద్దు" అని జవాబిచ్చారు.